నేను రాసిన బీడీ

ఏడుకొండలుకు బీడీ అలవాటు లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా, అతను తాగి పారేసిన బీడీ వల్లే జాన్‌బీ కల్లంలో మిరపకాయ తగలబడిపోయిందని నా చేత్తో నేనే రిపోర్టు రాశాను. ఆ రాత పుణ్యమా అని అతనికి ఆ ఊళ్ళో అడుగుపెట్టే దారి లేకుండా పోయింది.

ముప్పై మూడేళ్ళు వ్యవసాయ శాఖలో అధికారిగా, రైతులు ఏఓ అని పిలిచే ఉద్యోగంలో, పనిచేశాను. ప్రత్తిపాడు చుట్టుపక్కల కొంతకాలం, చిలకలూరిపేట వైపు కొంతకాలం, ఒంగోలు అవతల కొన్నాళ్ళు. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటుంటారు. తీరా మొదలుపెడితే వాళ్ళు అడిగేది బదిలీల గురించి, ఏ ఆఫీసరుతో ఎలా మసలుకోవాలన్న దాని గురించి. అవి చెప్పేవాళ్ళు ఆఫీసులో బోలెడుమంది ఉంటారు. నేను పత్తికట్టె గురించి చెబుతాను, వినండి.

గోధుమ చేను బొమ్మ

ఒక ఏడాది పై ఆఫీసు నుంచి పోస్టర్ల కట్టలు వచ్చాయి. పంట కోశాక మిగిలిన చెత్త కాల్చవద్దని వాటి సారాంశం. మాట మంచిదే. బొమ్మలో మాత్రం ఓ గోధుమ చేను, పక్కన పెద్ద తలపాగా చుట్టుకున్న రైతు. మా వైపు గోధుమ అంటే పిండి డబ్బాలో కనపడేదే తప్ప చేలో చూసినవాడు లేడు. ఆ పోస్టర్ని పంచాయతీ గోడకి అంటిస్తుంటే వెంకటేశ్వర్లు గారు వచ్చి నిలబడ్డారు. ఊళ్ళో పెద్ద రైతు, పదిమందికి పొలం కౌలుకిచ్చిన మనిషి.

"ఏవండీ ఏఓ గారూ, ఇదేం పైరండీ? వరైతే కంకి వంగుద్ది గదా. ఇదేంది, ఇట్టా కర్రలాగా నిలబడింది?"

"గోధుమండీ."

"మనూళ్ళో ఎవడేశాడండీ గోధుమ?"

వరిగడ్డి మా దగ్గర పశువుల నోటికే చాలదు, దాన్ని కాల్చే పిచ్చివాడెవడు? మా అసలు తలనొప్పి పత్తికట్టె. ఆఖరి తీత అయిపోయాక చెట్టు మీద విచ్చుకోని కాయలు కొన్ని మిగిలిపోతాయి. గులాబీ రంగు పురుగు ఆ కాయలో దూరి, రెండు గింజల్ని దారంతో కుట్టినట్టు ఒకదానికొకటి అతికించుకుని, మధ్యలో పడుకుంటుంది. తొలకరి దాకా లేవదు. లేచాక కొత్త పత్తి పూత మీద పడుతుంది. అందుకని పంట అయిపోగానే కట్టె పీకేసి పురుగుకి పడక లేకుండా చేయాలి. పోస్టర్ మీద ఈ ముక్క ఒక్కటీ లేదు.

అప్పుడు నాకో తెలివి పుట్టింది. ఆటోకి మైకు కట్టించి ఊరూరా చెప్పించాను. "రైతు సోదరులారా, జనవరి దాటాక పత్తికట్టె చేలో ఉండకూడదు." చిన్న మాట, అందరికీ అర్థమయ్యే మాట అని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఊరు నా మాట విన్నది. అక్షరాలా విన్నది. నెల తిరక్కుండా వెళ్ళి చూస్తే చేలన్నీ నున్నగా ఉన్నాయి, ఒక్క మోడు లేదు. రిజిస్టరులో నూరు శాతం అని రాశాను. మా పై అధికారి, ఏడీఏ గారు, మీటింగులో నన్ను లేపి చప్పట్లు కొట్టించారు. ఆ కట్టె అంతా ఎటు పోయిందని ఆయన అడగలేదు, నేనూ తల తిప్పి చూడలేదు.

పది రోజులు ఆగమన్న మనిషి

నా మాట నచ్చనివాడు ఊరందరిలో ఒక్కడే. అతనూ ఊరివాడు కాదు. ఏడుకొండలుది కనిగిరి వైపు. ఏటా పత్తి తీతలు అయ్యే వేళకి గొర్రెల మందని తోలుకొచ్చి ఆ ఊరి చేలల్లో దింపేవాడు. జీవాలు ఆకూ అలమూ, చెట్టుకి మిగిలిన కాయలూ మేసేవి. ఆ తరవాత రైతులు కట్టె పీక్కునేవాళ్ళు. వాళ్ళ నాన్న కాలం నుంచీ నడుస్తున్న పద్ధతి అది. నేను మైకులో చెప్పిన గడువు వల్ల ఆ ఏడు అతను వచ్చేసరికి చేలన్నీ ఖాళీ.

తిన్నగా ఆఫీసుకి వచ్చాడు. భుజాన గొంగళి, చేతిలో కర్ర.

"సారూ, ముందే పీకించారంట గదా. వచ్చేసారి పది రోజులు ఆగి పీకమనండి సారూ. మా జీవాలు కాయ అనేది లేకుండా మేసేస్తయ్యి. ఆ తరవాత పీక్కున్నా మీ పురుగు ఏముంటది?"

ఆ రోజు పొద్దున్నే వేరే విషయంలో ఏడీఏ గారి చేత ఫోన్లో చీవాట్లు తిని ఉన్నాను. ఆ చిరాకంతా ఇతని మీద చూపించాను. "నువ్వు నాకు వ్యవసాయం చెప్పొచ్చావా? నీ మందకి మేత కావాలని శాస్త్రం మార్చాలా?" అని కసిరాను. అంటూనే సిగరెట్ వెలిగించాను. అతను తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు.

"పొగ పడదు సారూ. గాలి వాసన చూసి మంద తోలేవోణ్ణి. పొగ పీలిస్తే ఈ ముక్కు పాడైపోద్ది" అన్నాడు. చిన్నప్పటి నుంచీ బీడీ ముట్టలేదన్నాడు. వింటూనే ఇంకో దమ్ము లాగాను.

పిల్లలూ, పది రోజులు ఆగితే పురుగు సగం చచ్చేది, ఖర్చు లేకుండా. ఏ పుస్తకంలో వెతికినా నాకు దొరికే మాటే అది. చెప్పినవాడు లుంగీ కట్టుకుని, గొర్రెల వాసనతో వచ్చాడని నాకది వినపడలేదు.

జాన్‌బీ పొయ్యి దగ్గర

మరుసటి ఏడు పురుగు రానే వచ్చింది. వచ్చిన తీరే వింతగా ఉంది. ఊరికి దూరంగా ఉన్న చేలకి ఆలస్యంగా తగిలింది. ఇళ్ళకి ఆనుకున్న చేలల్లో మొదటి పూతలోనే దిగింది. నాలుగుసార్లు తిరిగాను. ఏమీ అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది జాన్‌బీ. భర్త పోయాక వెంకటేశ్వర్లు గారి నాలుగెకరాలు కౌలుకి చేసుకుంటున్న మనిషి. రెండెకరాలు పత్తి, రెండెకరాలు మిరప. కాయ ఎండబెట్టుకునే కల్లం కూడా ఇంటి వెనకే. మార్చి నెలలో ఓ పొద్దున కేకేసి పిలిచింది.

"సార్, ఇట్రండి. ఒక్కసారి లోపలికి రండి."

దొడ్లో మనిషెత్తు వామి. పొయ్యిలోకని పేర్చుకున్న పత్తికట్టె. అందులోంచి ఓ ఎండుకాయ తుంచి, రాయి మీద పెట్టి చితక్కొట్టి, నా అరచేతిలో పోసింది. అతుక్కున్న గింజలు రెండు. విడదీస్తే మధ్యలో గులాబీ రంగు పురుగు మెల్లగా కదిలింది.

"మీరు చేలో ఉండకూడదన్నారు. చేలో లేదు సార్, ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాం. నా దొడ్లోనే కాదు, ప్రతి దొడ్లోనూ ఉంది. ఇంకో ఏడు ఇట్టా పోతే వెంకటేశ్వర్లు గారు నాకు పొలం ఉంచుతాడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరు ఊరంతా నా ఒక్క మాట పట్టుకుని పురుగుని జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చి దాచిపెట్టింది. నేను దానికి నూరు మార్కులు వేసుకున్నాను.

ఆ రోజు

వామిలో కట్టెని యంత్రంతో ముక్కలు చేయించి భూమిలో కలిపించి ఉండాల్సింది. యంత్రం పక్క మండలంలో ఉంది, రావడానికి వారం పడుతుంది. నాకు వారం ఆగే ఓపిక లేదు. చేసిన తప్పు తొందరగా కనపడకుండా చేయాలనే ఆత్రం ఉంది. కాల్చేద్దామన్నాను. కాల్చవద్దని పోస్టర్ అంటించిన చేత్తోనే.

ఏడీఏ గారికి చెబితే ఎగిరి గంతేశారు. "మంచి కార్యక్రమమయ్యా. పదకొండింటికి నేనొస్తాను. ఫోటో తీయించు" అన్నారు. ఆయనకి ఏ పనైనా ఫోటోలో పడితేనే జరిగినట్టు.

జాన్‌బీ వామిని దొడ్డి వెనక ఖాళీ స్థలంలోకి లాగించాం. దానికి తూర్పున మొక్కజొన్న కోసిన మడి. చొప్ప ఎండి గలగలమంటోంది. ఆ మడికి అవతల ఆమె కల్లం. పట్టాల మీద ఎర్రగా పరిచిన కాయ, ఆమె ఏడాది కష్టం. ఆ సమయానికి ఏడుకొండలు, ఆ ఏడూ మేత వెతుక్కుంటూ వచ్చి, అక్కడే వేప నీడన మందని ఆపుకుని ఉన్నాడు. లేచి వచ్చాడు.

"సారూ, ఇప్పుడొద్దు. కాసేపట్లో పడమటి గాలి లేచిద్ది. రేపు తెల్లారి పెట్టుకోండి."

"పెద్దాయన పదకొండింటికి వస్తున్నాడు" అన్నాను. జేబులోంచి అగ్గిపెట్టె తీసి నేనే వెలిగించాను.

ఏడీఏ గారు వచ్చారు, మంట ముందు నిలబడ్డారు, ఫోటో దిగారు, వెళ్ళిపోయారు. పత్తికట్టె భగ్గున మండి తొందరగానే కూలిపోయింది. పైన బూడిద పేరుకుంది. రెండు బిందెల నీళ్ళు పోయించాను. జాన్‌బీ మూడో బిందె పట్టుకుని నిలబడింది.

"ఇంకో రెండు పోద్దామా సార్?"

"చాలమ్మా, ఆరిపోయింది."

"పైన ఆరింది సారూ. లోపల నిప్పుంది" అన్నాడు ఏడుకొండలు. నేను జీపెక్కాను.

కిలోమీటరు పోలేదు. అద్దంలో చూస్తే పొగ. డ్రైవరు ఏమీ అడక్కుండానే బండి వెనక్కి తిప్పాడు.

గాలి లేచింది. బూడిదలో నిప్పురవ్వ చొప్పలో పడింది. మేం వచ్చేసరికి మడి సగం మండిపోతోంది. మంట కల్లం వైపే పోతోంది. జనం కేకలు వేస్తూ బిందెలతో పరిగెడుతున్నారు. జాన్‌బీ పట్టా అంచు పట్టుకుని ఒక్కతే లాగుతోంది. అది కదలడం లేదు. ఇంతలో మంట మొదటి పట్టాకి అంటుకుంది.

మిరపకాయ మంట ఎట్లా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. ఒక్కసారిగా ఘాటు లేచింది. కళ్ళల్లో కారం కొట్టినట్టు కాదు, నిజంగా కారమే. నీళ్ళు తెచ్చినవాళ్ళు తెచ్చినట్టే బిందెలు వదిలేసి, దగ్గి దగ్గి కింద కూలబడ్డారు. నాకు కళ్ళు తెరుచుకోలేదు, ఊపిరి అందలేదు. నీళ్ళున్నాయి, మనుషులున్నారు, దగ్గరికి పోయే దారే లేదు. అందరం దూరంగా నిలబడి, కళ్ళు మూసుకుని, ఒక ఆడమనిషి ఏడాది కష్టం చిటపటలాడుతుంటే విన్నాం. నా బతుకులో అంత చేతకానితనం ఎప్పుడూ ఎరగను.

ఒక్కడు మాత్రం లోపలికి పోయాడు. గొంగళి నీళ్ళల్లో ముంచి తలకీ ముక్కుకీ చుట్టుకుని ఏడుకొండలు ఆ పొగలోకి దూకాడు. ముందు జాన్‌బీని బయటికి తోశాడు. తరవాత చివరి పట్టా ఒకటి ఈడ్చుకొచ్చి పడేశాడు. మిగిలింది ఆ ఒక్క పట్టా కాయే. ఎడమ చేయి మోచేతి దాకా కాలింది.

రిపోర్టు

సాయంత్రం ఏడీఏ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"మనం పెట్టిన మంట అని రాస్తే మనిద్దరం ఇంటికి పోతాం. పైగా ఆవిడకి పైసా సాయం రాదు. ప్రమాదం అని రాస్తే ఏదో ఒకటి వస్తుంది. అక్కడ గొర్రెలవాడు ఎవడో ఉన్నాడన్నావు కదా. బీడీ కాల్చుంటాడు."

"అతను కాల్చడండీ."

"నీకెట్లా తెలుసు?"

తెలుసు. ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం కళ్ళారా చూశాను. అయినా నోరు మెదపలేదు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగం పోతే ఎట్లా అనుకున్నాను. జాన్‌బీకి మేలు చేస్తున్నానని కూడా నన్ను నేను నమ్మించుకున్నాను. "గొర్రెల కాపరి నిర్లక్ష్యంగా పారేసిన బీడీ వలన" అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయమూ రాలేదు.

రిపోర్టు మాట ఊళ్ళోకి పాకడానికి రెండు రోజులు పట్టలేదు. వెంకటేశ్వర్లు గారు పంచాయతీ ముందు జనాన్ని పోగేశారు. ఏడుకొండలు కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, బీడీ నువ్వేశావా లేదా?"

"నాకు అలవాటే లేదయ్యా. ఏఓ సారుకి తెలుసు. అడగండి."

అందరూ నా వైపు చూశారు. నేను చేతిలోని ఫైలు వైపు చూశాను. అన్నా అన్నా అని అతన్ని పిలిచే జాన్‌బీ ఏడుస్తూ, "నా కాయ తగలబెట్టి మళ్ళీ అబద్ధమా?" అంది. ఇక ఈ పొలిమేరలో మంద కనపడకూడదని వెంకటేశ్వర్లు గారు తేల్చేశారు. ఏడుకొండలు కర్ర తీసుకుని మంద వెనకాలే నడిచిపోయాడు. ఒక ఊరు పొమ్మంటే చుట్టుపక్కల ఊళ్ళు కూడా రానివ్వవు. రెండేళ్ళల్లో మంద అమ్ముకున్నాడని విన్నాను.

ఆ రోజు నుంచి నేను సిగరెట్ మానేశాను. అదేదో పెద్ద ప్రాయశ్చిత్తమని మురిసిపోయాను కూడా. నేను సిగరెట్ మానేస్తే ఏడుకొండలుకి ఒరిగిందేమిటి?

గేటు దగ్గర

ఆరేళ్ళు గడిచాయి. రిటైరయ్యాను. శాలువాలు కప్పారు, నిజాయితీపరుడని మైకులో పొగిడారు. వింటుంటే ఒళ్ళు చీదర పుట్టింది. ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాశాను. జేబులో పెట్టుకుని నెలన్నర తిరిగాను. తీసుకెళ్ళి ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

చివరికి, అతను చిలకలూరిపేట దగ్గర హైవే మీద ఓ జిన్నింగు మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్నాడని తెలిసి వెళ్ళాను. పత్తి మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ పనేమిటో తెలుసా? లోపలికి పోయే ప్రతివాడి జేబులూ వెతకడం. బీడీ గానీ అగ్గిపెట్టె గానీ లోపలికి పోకూడదు. ఊరు బీడీ పేరు పెట్టి తరిమేసిన మనిషి, రోజంతా నిలబడి వచ్చేపోయేవాళ్ళ బీడీలు ఏరుతున్నాడు.

నన్ను గుర్తుపట్టాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"జేబులు చూపించండి సారూ."

చూపించాను. కాగితం బయటికొచ్చింది.

"ఏంది ఇది?"

"నువ్వు బీడీ కాల్చలేదని రాశాను ఏడుకొండలూ. నిప్పు పెట్టింది నేనేనని రాశాను. చదువుతాను, విను."

రెండు వాక్యాలు చదివానో లేదో చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీద కాలిన మచ్చ మోచేతి దాకా ఉంది.

"నాకెందుకు సారూ చదవటం? నేను కాల్చలేదని నాకు తెలియదా? తెలియనోళ్ళు ఊళ్ళో ఉన్నారు. అక్కడ చదవండి."

లారీ వచ్చి హారన్ కొట్టింది. అతను డ్రైవర్ జేబులు వెతకడానికి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో

ఆదివారం నాడు అదే పంచాయతీ ముందు నిలబడి చదివాను. దాచడం దేనికి, పారిపోదామనిపించింది. వెంకటేశ్వర్లు గారి మొహం మాడిపోయింది.

"ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నారండీ? మా నోటితో ఆ మనిషిని అనరాని మాటలు అనిపించారు గదండీ!"

ఆయన తిట్టాల్సినన్నీ తిట్టారు. పడ్డాను. జాన్‌బీ ముందుకొచ్చింది.

"నేను మూడో బిందె పట్టుకుని నిలబడ్డాను. మీరు చాలన్నారు. నాకు గుర్తుంది సార్. గుర్తుండి కూడా ఆ రోజు అన్న మీద పడ్డాను. మిమ్మల్ని అనటానికి భయమేసింది. అన్ననైతే అనొచ్చు గదా."



మొన్న జనవరిలో మండలానికి కొత్తగా వచ్చిన అధికారిణి ఫోన్ చేసింది. "సార్, జాన్‌బీ గారు కట్టె పీకనంటున్నారు. గడువు దాటిపోయింది. అడిగితే మంద రావాలంటున్నారు. మీకు తెలుసంట."

"పది రోజులు ఆగమ్మా" అని చెప్పి, బస్సెక్కి నేనూ వెళ్ళాను.

చేను గట్టు మీద జాన్‌బీ, వెంకటేశ్వర్లు గారు, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. డొంకలో దుమ్ము లేచింది. ముందు గొర్రెలు, వెనక గొంగళి వేసుకుని ఏడుకొండలు. మంద అతనిది కాదు, బావమరిదిది. జాన్‌బీ కబురు పెడితే మిల్లులో నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. జాన్‌బీ ఎదురెళ్ళి "అన్నా" అని మాత్రం అని ఆగిపోయింది. అతను తలూపి, జీవాల్ని చేలోకి అదిలించాడు. ఆ వెంటనే తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, జేబులు."

ఎవరూ నవ్వలేదు. అతను నవ్వాడో లేదో తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది. చొక్కా జేబు, ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాను. అతను వంగి, ఒక్కొక్కటే, తాపీగా చూశాడు.

"ఊఁ. లోపలికి పోండి" అన్నాడు.

జేబులు అలా వేలాడుతుండగానే చేలోకి దిగాను.